సారా ఉద్యమం ‘నిలవలేదు’ అని రాసిన పేపర్లో నా పేరు అడగాలా, వద్దా?

ప్రశ్న

ఈ ఉత్తరం నెల్లూరు జిల్లా నుంచి వచ్చింది. రాసినావిడ డిగ్రీ కాలేజీలో కాంట్రాక్ట్ లెక్చరర్. ఉత్తరం చాలా పెద్దది. మనిషిని గుర్తుపట్టే వివరాలు తీసేసి, సంగతులు మాత్రం ఇక్కడ చెబుతున్నాను.

ఆవిడ పీహెచ్‌డీ 1990ల నాటి సారా వ్యతిరేక ఉద్యమం మీద. ఆ జిల్లాలోనే పుట్టి పెరిగారు. వాళ్ల అమ్మమ్మ ఊళ్లో ఆడవాళ్లు సారా బండిని పొలిమేరలోనే ఆపి వెనక్కి పంపిన సంగతి చిన్నప్పటి నుంచి ఇంట్లో వింటూనే ఉన్నారు. కొన్నేళ్ల కిందట గైడ్ ద్వారా ఐరోపా యూనియన్‌లోని ఒక విశ్వవిద్యాలయం నుంచి పిలుపు వచ్చింది. ఉద్యమాలు ముగిశాక వాటి వల్ల ఏం మిగిలిందో తేల్చడానికి నాలుగైదు దేశాల పరిశోధకులు కలిసి చేస్తున్న ప్రాజెక్టు అది. అప్పట్లో ఉద్యమంలో ఉండి ఇప్పుడు అరవై, డెబ్భై దాటిన ఆడవాళ్ల దగ్గరికి వెళ్లి, వాళ్ల మాటలు రికార్డు చేసి, రాసి, ఇంగ్లిషులోకి మార్చి పంపడం ఈవిడ పని. నెలకింత అని డబ్బిచ్చారు. ఒప్పంద పత్రం ఏమీ లేదు, మెయిళ్లే ఆధారం. అక్కడి నుంచి వచ్చిన ప్రశ్నలు ఉన్నవి ఉన్నట్టు అడిగితే ఎవరూ నోరు విప్పేవాళ్లు కాదని, సగం ప్రశ్నలు తానే మార్చానని, ఏయే ఊళ్లకు వెళ్లాలో కూడా తానే తేల్చానని రాశారు.

ఇప్పుడు పేపర్ డ్రాఫ్టు వచ్చింది. రచయితలు అయిదుగురు. గైడ్ గారిది నాలుగో పేరు. ఈవిడ పేరు చివర్లో, క్షేత్ర సహాయానికి కృతజ్ఞతలు చెప్పిన చోట ఉంది. ఒక విధానం అయిదేళ్లు నిలిస్తేనే అది ఉద్యమ విజయం కింద లెక్క అన్నది ఆ ప్రాజెక్టు నియమం. 1995లో వచ్చిన మద్యనిషేధాన్ని 1997లో సడలించారు కాబట్టి నెల్లూరు ఆడవాళ్ల ఉద్యమం పేపర్లోని పట్టికలో ‘ఫలితం నిలవలేదు’ అన్న గడిలోకి వెళ్లింది. ఆ గడి చూసి ఆ రాత్రి నిద్ర పట్టలేదని రాశారు.

దాని వెనకే ఇంకో మెయిల్. నిధులిచ్చిన సంస్థ నియమం ప్రకారం ఇంటర్వ్యూల పూర్తి ట్రాన్స్‌క్రిప్టులు నెల రోజుల్లో ఎవరైనా చూడగలిగే డిజిటల్ ఆర్కైవ్‌లో పెడతారట. ఆడవాళ్ల దగ్గర వేలిముద్రలు తీసుకున్న సమ్మతి పత్రంలో పేర్లు బయటపెట్టం అని మాత్రమే ఉంది. ఆర్కైవ్ ఊసే లేదు. వాళ్లలో ఒక పెద్దావిడ తన మొగుడే ఊళ్లో సారా ప్యాకెట్లు అమ్మేవాడని, తానే మిగతా ఆడవాళ్లను కూడగట్టి ఆ కొట్టు మూయించానని చెప్పారు. ఇప్పుడు కొడుకు బెల్టు షాపు నడుపుతున్నాడని కూడా చెప్పారు. తర్వాత ఫోన్ చేసి, “ఆ మాటలు తీసెయ్యమ్మా, కోడలి చెవిన పడితే ఇంట్లో ఉండలేను” అన్నారట.

గైడ్ సలహా: “ముందు పేపర్ రానీ. ఇప్పుడు గొడవ పెట్టుకుంటే ఇంకెవరూ నిన్ను పిలవరు. తర్వాతి పేపర్లో నీ పేరు పెట్టిస్తా.” భర్త సలహా: ఇదంతా వదిలేసి నీ పాఠాలు నువ్వు చెప్పుకో.

ఆవిడ అడిగింది: “ఊరుకోవాలా? నా ఇంటర్వ్యూలు వాడటానికి వీల్లేదని అనాలా? ఉద్యమం ఓడిపోయిందని రాసే పేపర్లో అసలు నా పేరు లేకపోవడమే మంచిదేమో?”

సమాధానం

మీ ఉత్తరంలో రెండు పేజీలు ఆ గడి గురించి ఉన్నాయి. ఒక పేజీ మీ పేరు గురించి. ఆర్కైవ్ గురించి ఎనిమిది వాక్యాలు. నేను దీన్ని తిరగేసి, చివరి దానితో మొదలుపెడతాను. డ్రాఫ్టులో తప్పు రాస్తే రివ్యూలో దిద్దవచ్చు, అచ్చయ్యాక కూడా దాని మీద విమర్శ రాయవచ్చు. పేరు ఇవాళ రాకపోతే రేపు పోరాడి తెచ్చుకోవచ్చు. ఒక్కసారి ఇంటర్నెట్‌లోకి ఎక్కిన ట్రాన్స్‌క్రిప్టును మాత్రం ఎవరూ పూర్తిగా వెనక్కి తీసుకోలేరు. పైగా మొదటి రెండూ మీవి. మూడోది ఆ ఆడవాళ్లది.

పేర్లు తీసేశాం కదా అని వాళ్లు అంటారు. ఊరి పేరు, మండలం, వయసు, కులం, మొగుడు సారా అమ్మేవాడన్న సంగతి, కొడుకు బెల్టు షాపు: ఇవన్నీ ఒక చోట ఉంటే ఆ ఊళ్లో పదో తరగతి పిల్లవాడు కూడా మనిషిని చెప్పేస్తాడు. ఐరోపాలో కూర్చున్నవాళ్లకు అది వేల మైళ్ల దూరంలోని పల్లె. మన వాళ్లకు ఫోన్లో రెండు నొక్కుల దూరం. ఇంగ్లిషులో ఉంది కదా అనే ధీమా కూడా వద్దు. ఫోనే తెలుగు చేసి పెడుతోంది.

మీరు భయపడుతున్నంత బలహీనంగా లేరు ఇక్కడ. 2018 మే నుంచి ఐరోపా యూనియన్‌లో అమల్లో ఉన్న వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, జీడీపీఆర్ అని పిలిచేది, అక్కడి సంస్థ ఎవరి డేటా సేకరించినా వర్తిస్తుంది. ఆ మనిషి ఏ దేశస్థురాలన్నది దానికి అనవసరం. మీ పెద్దావిడ ఉదయగిరి పక్కన పల్లెలో ఉన్నా ఆవిడ మాటలు ఆ విశ్వవిద్యాలయం చేతిలో ఉన్నంతకాలం ఆ చట్టం నీడలో ఉన్నట్టే. సమ్మతి మీద నడిచే చోట ఆ సమ్మతిని వెనక్కి తీసుకునే హక్కు ఉంటుంది, ఇచ్చినంత తేలిగ్గానే వెనక్కి తీసుకునే వీలు ఉండాలి అంటుంది. పరిశోధనకు కొన్ని మినహాయింపులు ఉన్నాయి, వాటిని వాళ్లు ఎత్తుకోవచ్చు కూడా. కాని పత్రంలో ఆర్కైవ్ మాటే లేనప్పుడు, ఒకావిడ ఫోన్ చేసి వద్దని చెప్పినప్పుడు, ఏ మంచి విశ్వవిద్యాలయమూ ఆ మినహాయింపు పట్టుకుని వేలాడదు. అక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో డేటా ప్రొటెక్షన్ ఆఫీసర్ అని ఒకరు తప్పకుండా ఉంటారు. వెబ్‌సైట్‌లో మెయిల్ దొరుకుతుంది. ప్రొఫెసర్ గారికి రాసిన మెయిల్ కాపీ ఆ ఆఫీసర్‌కు వెళితే పని వేగంగా కదులుతుంది. అయితే మొదటి మెయిల్‌లోనే కాపీ పెట్టాలని కాదు. అలా పెడితే ఫిర్యాదు చేసినట్టు ఉంటుంది, సంబంధం అక్కడే చెడుతుంది. జవాబు రాకపోతేనో, దాటవేస్తేనో పెట్టండి.

నిధులిచ్చేవాళ్ల నియమం అన్నారు కదా, ఆ మాటను కూడా కాస్త తట్టి చూడాలి. ఐరోపా కమిషన్ నిధులతో నడిచే పరిశోధనల్లో డేటా గురించిన సూత్రమే ‘వీలైనంత తెరిచి, అవసరమైనంత మూసి’ అని. మీ ప్రాజెక్టుకు డబ్బు అక్కడి నుంచే వచ్చిందో లేదో నాకు తెలియదు, మీరు కనుక్కోండి. పెద్ద ఆర్కైవ్‌లలో చాలావాటిలో అనుమతి తీసుకున్న పరిశోధకులకే చూపించే ఏర్పాటు, కొన్నేళ్లపాటు మూసి ఉంచే ఏర్పాటు ఉంటాయి. కాబట్టి మీరు అడిగేది వాళ్లకు కొత్తగా ఏమీ ఉండదు. పూర్తి ట్రాన్స్‌క్రిప్టుల బదులు సారాంశాలు పెట్టమనండి. లేదా ఊళ్ల పేర్లు తీసేసి పరిమిత ప్రవేశంలో పెట్టమనండి. ఆ పెద్దావిడ ఇంటర్వ్యూలో ఆవిడ వద్దన్న భాగం మాత్రం అన్ని కాపీల్లోంచీ తీసేయాలి. ఈ చివరి దాన్ని బేరంలో పెట్టకండి. ‘నా పేరు చేరిస్తే ట్రాన్స్‌క్రిప్టులకు ఒప్పుకుంటా’ అనే వాక్యం మీ నోటి నుంచి గాని, మీ తరఫున గైడ్ నోటి నుంచి గాని రాకూడదు.

ఇక పేరు సంగతి. దీని గురించి మీరు చాలా మొహమాటపడుతూ రాశారు. ‘పేరు కోసం ఆశపడుతున్నానని అనుకోకండి’ అని రెండుసార్లు రాశారు. ఎందుకు అనుకోవాలి? పరిశోధనలో పేరు జీతంలాంటిదే. రేపు రెగ్యులర్ పోస్టు ఇంటర్వ్యూలో మీ ముందు కూర్చునేవాళ్లు కృతజ్ఞతల పేరా చదవరు.

వైద్య జర్నళ్ల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ ఒకటి రచయిత అంటే ఎవరో నాలుగు షరతులు పెట్టింది. మిగతా రంగాల జర్నళ్లు కొన్ని కూడా వాటినే పాటిస్తాయి. పరిశోధన రూపకల్పనలోనో, డేటా సేకరణలోనో, విశ్లేషణలోనో గట్టి పాత్ర ఉండాలి. రాతలో గాని, రాసినదాన్ని దిద్దడంలో గాని చేయి ఉండాలి. చివరి ప్రతికి ఒప్పుకోవాలి. పేపర్లో ఉన్నదానికి జవాబుదారీ కావాలి. ఇవి చదివి గైడ్ గారు, ‘చూశావా, నువ్వు రాతలో లేవు’ అనవచ్చు. అక్కడే ఆ కమిటీ ఇంకో మాట కూడా చెప్పింది. మొదటి షరతుకు తగినవాళ్లందరికీ మిగతా వాటిలో పాల్గొనే అవకాశం ఇవ్వాలట. అంటే మిమ్మల్ని రాతకు పిలవకుండా ఉంచి, రాయలేదు కాబట్టి పేరు లేదనడం కుదరదు. ప్రశ్నలు మార్చింది మీరు, ఊళ్లు ఎంచింది మీరు. ఆ మెయిళ్లన్నీ తేదీలతో సహా ఒక ఫోల్డర్‌లో పెట్టుకోండి. దేశాలు దాటి కలిసి చేసే పరిశోధనల గురించి 2013లో మాంట్రియల్‌లో ఒక ప్రకటన చేశారు. ఎవరి పేరు ఎక్కడ అన్నది మొదట్లోనే, తర్వాత అవసరమైనప్పుడల్లా కూర్చుని ఒప్పందానికి రావాలని అందులో ఉంది. మీ విషయంలో మొదట్లో జరగలేదు. ఆ ‘తర్వాత’ ఇప్పుడు వచ్చింది.

కాని ఒక్క సంగతి ఆలోచించుకుని అడగండి. రచయిత అయితే ఆ గడికి కూడా మీరు జవాబుదారీ. నెల్లూరు ఉద్యమం నిలవలేదు అన్న వాక్యం కింద మీ సంతకం ఉంటుంది. కాబట్టి ఆ వాక్యం సంగతి చూద్దాం.

మీ కోపం న్యాయమే. కాని ఉత్తరంలో ఆ కోపాన్ని మీరు రాసిన తీరు ఆ ప్రొఫెసర్లను ఒప్పించదు. ‘ఆ తల్లుల త్యాగాన్ని వీళ్లు అవమానించారు’ అంటే వాళ్లు మర్యాదగా విని, సర్లే అని పక్కన పెడతారు. వాళ్ల నియమంతోనే వాళ్లను అడగండి. అయిదేళ్లు నిలవాల్సింది ఏది?

1992లో ఆడవాళ్లు అడిగింది సారా పోవాలని. అక్షరాస్యత కార్యక్రమం వారి అక్షర దీపం వాచకంలో తాగుబోతు మొగుడితో అవస్థ పడే సీతమ్మ కథ చదివారు, రాత్రి బడుల్లో తమ బతుకులు చెప్పుకున్నారు, దూబగుంటలో కొట్టు మూయించారు. ఆ దూబగుంట కథ మళ్లీ పాఠమై మిగతా ఊళ్లకు వెళ్లింది. తర్వాత నెల్లూరులో సారా వేలంపాటలను జరగనివ్వలేదు, వాయిదా మీద వాయిదా పడ్డాయి. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. అప్పటి ముఖ్యమంత్రి కోట్ల విజయభాస్కరరెడ్డి. సంపూర్ణ మద్యనిషేధం దాని తర్వాతి అంకం. 1994 ఎన్నికల్లో ఎన్టీఆర్ హామీ ఇచ్చి, ప్రమాణ స్వీకారం రోజునే సంతకం పెట్టారు. 1995 జనవరి 16 నుంచి అమల్లోకి వచ్చింది. 1997లో చంద్రబాబునాయుడు ప్రభుత్వం ఎత్తేసింది ఈ రెండోదాన్ని. వారుణి వాహిని పేరుతో ఎన్టీఆర్ మొదటి పాలనలో ఊరూరా పారిన ఆ సర్కారు సారా ప్యాకెట్లు మళ్లీ రాలేదు. నాటుసారా దొంగచాటుగా కాస్తూనే ఉన్నారు, అది వేరే కథ. ప్రభుత్వమే వేలం వేసి పల్లెకు సారా పంపడం అనేది 1993తో ముగిసింది. ముప్పై ఏళ్లు దాటింది. వాళ్ల అయిదేళ్ల నియమం ప్రకారమే ఇది నిలిచిన ఫలితం.

అంటే ఆ పట్టికలో ఒక వరస ఉన్న చోట రెండు వరసలు ఉండాలి: సారా ఒకటి, సంపూర్ణ నిషేధం ఒకటి. మీరు అడగాల్సింది ఇంతే. ఆ నియమం ఎంత మొండిదో చూపడానికి ఇంకో ఉదాహరణ కూడా ఇవ్వండి. అమెరికాలో మద్యనిషేధం 1920 జనవరి నుంచి 1933 డిసెంబర్ దాకా ఉంది. అయిదేళ్ల గీటురాయి మీద అది విజయం అవుతుంది. ప్రపంచమంతా ఓడిపోయిన నిషేధానికి ఉదాహరణగా చెప్పుకునేది మాత్రం దాన్నే.

ఇంకాస్త లోతుకు వెళ్లదలచుకుంటే ఉద్యమాల అధ్యయనంలో పాత మనిషి, అమెరికా సామాజిక శాస్త్రవేత్త విలియం గామ్సన్ మీకు సాయానికి వస్తారు. 1800 నుంచి 1945 మధ్య అమెరికాలో పుట్టిన 53 పోరాట బృందాలను తీసుకుని 1975లో ఆయన రెండు ప్రశ్నలు వేశారు. కోరింది దొరికిందా? ఎదుటివాళ్లు ఈ బృందాన్ని మాట్లాడదగిన పక్షంగా గుర్తించారా? ఈ రెంటినీ కలిపితే నాలుగు గడులు వస్తాయి. కోరింది దొరికి, గుర్తింపు దొరకనిది అందులో ఒక గడి. నాకైతే నెల్లూరు అక్కడే కూర్చుంటుందనిపిస్తుంది. సారా పోయింది. కాని మద్యం విధానం తయారయ్యే బల్ల దగ్గర ఆ ఆడవాళ్లకు కుర్చీ ఎవరూ వేయలేదు. అందుకే 1997లో నిషేధం ఎత్తేసేటప్పుడు వాళ్లను అడగాల్సిన అవసరం ఎవరికీ కలగలేదు. ఓటమి గెలుపుల కంటే ఇది ఆసక్తికరమైన ఫలితం. మీ విదేశీ సహచరులు నిజంగా పండితులైతే దీనికి లేచి కూర్చుంటారు.

ఇప్పుడు మీకు నచ్చని మాట. వాళ్ల అనుమానంలోనూ పస ఉంది. మీ పీహెచ్‌డీ నుంచి మీరు కోట్ చేసిన పేరాలో పొదుపు లక్ష్మి, డ్వాక్రా సంఘాలు, పంచాయతీల్లో ఆడవాళ్లు, ఆడపిల్లల చదువులు అన్నీ ఈ ఉద్యమ ఫలితాలే అని వరసగా పెట్టారు. రోజుకు రూపాయి పొదుపు నెల్లూరులో ఉద్యమం వెనకే లేచింది, దానికి దీనికి బంధం ఉందనడంలో సందేహం లేదు. డ్వాక్రా మాత్రం కేంద్ర పథకంగా 1980ల మొదట్లోనే ఉంది. పంచాయతీల్లో మూడో వంతు స్థానాలు 73వ రాజ్యాంగ సవరణతో వచ్చాయి, అది 1993లో దేశమంతటికీ వచ్చింది. సారా ఉద్యమం లేకపోయినా ఇవి వచ్చేవి. ఉద్యమం ఉన్న ఊళ్లో ఇవి ఇంకోలా పనిచేశాయా అన్నది మీరు చూపించాలి. చూపించడానికి ఉద్యమం లేని ఊరు కూడా కావాలి. అమెరికాలో డగ్ మెక్‌ఆడమ్ అనే ఆయన 1964లో మిసిసిపీకి నల్లవాళ్ల ఓటు హక్కు కోసం వెళ్లిన విద్యార్థుల మీద చేసిన పని ఇందుకే గట్టిగా నిలబడింది. వెళ్లినవాళ్లతో పాటు, దరఖాస్తు పెట్టి ఎంపికై కూడా చివరికి వెళ్లనివాళ్లను కూడా ఆయన ఏళ్ల తర్వాత వెతికి పట్టుకున్నారు. మీరు తిరిగిన ఊళ్లన్నీ ఉద్యమం గట్టిగా నడిచిన ఊళ్లే. అదే మండలంలో రాత్రి బడి నడిచి, కొట్టు మాత్రం మూతపడని ఊరికి వెళ్లారా?

ఇంకా ఉంది. రాత్రి బడులు పెట్టింది ప్రభుత్వం. ఉద్యమాన్ని జిల్లా పేజీల్లో రోజూ మోసింది ఈనాడు. హక్కుల సంఘాలు, వామపక్ష మహిళా సంఘాలు, ప్రతిపక్షాలు అందరూ దిగారు. ఎన్నికలు దగ్గరపడ్డాయి. ఇన్నింటి మధ్య ఫలితంలో ఎంత వాటా ఆ ఆడవాళ్లదో తేల్చడం తేలిక కాదు. ముప్పై ఏళ్ల తర్వాత చెప్పే జ్ఞాపకాల్లో 1993, 1995 కలిసిపోతాయి. ‘ఎన్టీఆర్ వచ్చి సారా ఆపాడు’ అని మీ ట్రాన్స్‌క్రిప్టుల్లో ఎవరైనా అని ఉంటారు, చూడండి. అది అబద్ధం చెప్పడం కాదు, కాని తేదీని అలాగే తీసుకోలేం.

మీ అమ్మమ్మ ఊరి కథ మిమ్మల్ని ఈ పనిలోకి తెచ్చింది. మంచిదే. కాని ఆ పెద్దావిడ కొడుకు బెల్టు షాపు సంగతి మీ పీహెచ్‌డీ వాదనలో ఎక్కడా ఇమడదు. మొగుడి సారా కొట్టు మూయించిన ఇంట్లోంచే బెల్టు షాపు వచ్చింది. ఆవిడ పేరు, ఊరు బయటికి రాకూడదు. కాని ఈ రకం మలుపు మిగతా ఊళ్లలో ఎంత ఉందో మీరు చూడకపోతే, వాళ్లు వేసిన గడి ఎంత మొరటుదో మీ వాదన కూడా అంతే మొరటుది అవుతుంది. తాగుడు తగ్గలేదు, సారా నుంచి సీసాకు మారింది అని మీ దగ్గర మాట్లాడిన ఆడవాళ్లే అనుంటారు. దాన్ని దాచకండి.

గైడ్ గారి గురించి ఎక్కువ చెప్పను. ఆయన మీకు తలుపు తీశారు, ఇప్పుడు ఆ పేపర్లో ఆయన పేరు ఉంది కాబట్టి ఆయనకు తొందర కూడా ఉంది. రెండూ నిజమే. మీరు మెయిల్ పంపే ముందు ఆయన్ని కలిసి, ఏం రాయబోతున్నారో చెప్పండి. అనుమతి కోసం కాదు, తెలియకుండా చేశారన్న మాట రాకుండా. ‘తర్వాతి పేపర్లో’ అన్న హామీని మెయిల్‌లో రాయమని అడగండి. రాస్తే సరే. రాయకపోతే ఆ హామీ విలువ ఎంతో మీకే తెలిసిపోతుంది.

ఇక మీ ముందున్న దారులు. ట్రాన్స్‌క్రిప్టుల సంగతి ఏ దారిలోనైనా ముందు తేలాల్సిందే అనుకుని చదవండి.

పేరు, గడి రెండింటినీ వదిలేసి ఊరుకోవచ్చు. గొడవ ఉండదు, గైడ్‌తో సంబంధం నిలుస్తుంది. కాని తర్వాతిసారి కూడా మీరు క్షేత్ర సహాయమే. ఒకసారి ఆ వరసలో కూర్చుంటే లేవడం కష్టం.

పేరు అడిగి, రెండు వరసల ప్రతిపాదన పెట్టి, దాన్ని మీరే రెండు మూడు పేజీలు రాసి పంపవచ్చు. రాశారంటే రాతలో చేయి ఉన్నట్టే, పేరుకు అదే ఆధారం అవుతుంది. వాళ్లు ఒప్పుకుంటే పేపర్ కూడా బాగుపడుతుంది. పేరుకు ఒప్పుకుని గడికి ఒప్పుకోకపోతే మీకు కష్టం. అప్పుడు మీ విభేదాన్ని పేపర్లోనే ఒక పేరాగా చేర్చమని అడగవచ్చు. అదీ కాదంటే పేరు వద్దని చెప్పి, పనిలో మీ పాత్ర ఏమిటో వివరంగా రాయమనవచ్చు. నాకు ఈ దారి మీద మొగ్గు ఉందని మీకు అర్థమయ్యే ఉంటుంది. ఒకవేళ వాళ్లు చిరాకుపడి వచ్చే ప్రాజెక్టుకు పిలవకపోతే, ఆ నష్టం భరించాల్సింది మీరు, నేను కాదు. అది లెక్కలో పెట్టుకోండి.

ఇంటర్వ్యూలు వాడొద్దు అనడం మూడోది. ఒప్పందం లేదు, డబ్బు తీసుకున్నారు, వాటి మీద హక్కు ఎవరిదన్నది తేలక నెలలు గడుస్తాయి. గైడ్‌తో తెగిపోతుంది. ఒకవేళ మీరే గెలిచినా ఆ పట్టికలో నెల్లూరు వరస ఉండనే ఉంటుంది, పాత పత్రికల ఆధారంగా నింపుతారు. ఆ ఆడవాళ్ల గొంతు మాత్రమే పోతుంది. ట్రాన్స్‌క్రిప్టుల విషయంలో వాళ్లు మొండికేస్తే తప్ప దీని జోలికి వెళ్లొద్దనే అంటాను. వేస్తే మాత్రం వెనకాడకండి.

సొంత పేపర్ రాయడం వీటన్నిటి పక్కనే చేయగలిగిన పని. మీ పీహెచ్‌డీ కోసం చేసిన ఇంటర్వ్యూలు మీవి, వాటితో రాయండి. ప్రాజెక్టు ఇంటర్వ్యూలు వాడాలంటే రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. కొట్టు మూతపడని ఊళ్లు రెండు మూడు చేర్చుకుంటే అది ఈ ప్రాజెక్టు పేపర్ కంటే బలంగా ఉంటుంది. తెలుగులో కూడా ఒకటి రాయండి. ప్రమోషన్‌కు మార్కులు రావు గాని, మీకు మాటలిచ్చినవాళ్ల మనవరాళ్లు చదవగలిగేది అదే.

మీ భర్త చెప్పిన దారి గురించి మీరూ పెద్దగా రాయలేదు, నేనూ రాయను. వదిలేయడం ఎప్పుడైనా చేయవచ్చు. ఆర్కైవ్ గడువు ఉన్న ఈ నెలలో మాత్రం కుదరదు.

ఈ వారంలో పంపాల్సిన మెయిల్ చిన్నది. ఆర్కైవ్‌లో ఏమీ పెట్టకుండా ప్రస్తుతానికి ఆపండి. సమ్మతి పత్రంలో ఆర్కైవ్ లేదు, దాని కాపీ, ఇంగ్లిషు అనువాదం జతచేస్తున్నాను. ఒకరు తమ మాటల్లో కొంత భాగాన్ని ఉపసంహరించుకున్నారు, ఏ భాగమో విడిగా చెబుతాను. ఆపినట్టు తిరుగు మెయిల్‌లో ధ్రువీకరించండి. ఇంతే రాయండి. ఉపసంహరించుకున్న ఆ మాటలు ఏమిటో మాత్రం ఈ మెయిల్‌లో రాయకండి, అది ఎంతమందికి ఫార్వర్డ్ అవుతుందో తెలియదు. పేరు, గడి ఇందులో కలపకండి, వాటికి వచ్చే వారం ఇంకో మెయిల్. జవాబు వచ్చాక ఆ పెద్దావిడకు మీరే ఫోన్ చేసి ఏం తీసేశారో, ఏం ఉంచారో చెప్పండి. మిగతావాళ్ల దగ్గరికి కూడా ఒకసారి వెళ్లి ఆర్కైవ్ అంటే ఏమిటో తెలుగులో వివరించి, ఇష్టమో కాదో మళ్లీ అడగండి. ఆ ప్రయాణ ఖర్చు ప్రాజెక్టే భరించాలని రెండో మెయిల్‌లో రాయడం మరచిపోకండి.